ఆపి ఉంచిన నవ్వు

ఎడిటింగ్ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పాలనుకున్న మాట ఒక్కటే. దానికి ఇన్ని కాగితాలు ఎందుకంటే, ఆ మాట నా తలకెక్కడానికి ఉద్యోగం మొత్తం పట్టింది కాబట్టి.

నా పేరు సుగుణ. మాది కొత్తపేట. అమలాపురంలో ఒక వీడియో షాపులో టైపిస్టుగా చేరాను. ఆ షాపే ఫొటో స్టూడియో అయింది, తర్వాత డిజిటల్ ల్యాబు అయింది. నేను మాత్రం అదే కుర్చీలో కూర్చుని, వేళ్లు నొప్పులు పుట్టాక రెండేళ్ల కిందట లేచాను. జీతం ఎప్పుడు పెరిగింది, సన్మానం ఎవరు చేశారు లాంటివి ఇందులో ఉండవు. అవి చదివి ఎవరూ ఏమీ నేర్చుకోరు. నేర్పినవి రెండు మూడు ముఖాలు, ఒక మాస్టారు, ఒక తప్పు. వాటి గురించే రాస్తాను.

ఆటల పెట్టెతో ఉద్యోగం

మా యజమాని సత్యానందం మాస్టారు. అంతకుముందు మిషన్ స్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. వీడియో కెమెరాలు వచ్చిన కొత్తలో ఆ పిచ్చి పట్టుకుని బడి మానేసి షాపు పెట్టారు. ఆయన బావమరిది మస్కట్ నుంచి వస్తూ ఒక కంప్యూటరు తెచ్చాడు. టైపు మిషనులాంటి మీటల పలక, దాని కడుపులోనే యంత్రమంతా. తెర లేదు, టీవీకి తగిలించుకోవాలి. బయటి దేశాల్లో ఇళ్లలో ఆటలాడుకోవడానికి కొనుక్కుంటారట. మా మాస్టారికి ఆటలాడే ఓపిక లేదు. "వాళ్ల బొమ్మలు చూపిస్తున్న పెట్టె మన బొమ్మలు ఎందుకు చూపించదు?" అని పట్టుకుని కూర్చున్నారు.

నన్ను తీసుకున్నది టైపు హయ్యరు పాసయ్యానని. తీరా చేరాక తెలిసింది, ఆ పెట్టెకు తెలుగు రాదు. పెళ్లి వీడియోలో మొదట వచ్చే పేర్లేమో తెలుగులోనే కావాలి. గళ్ల కాగితం మీద ఒక్కో అక్షరం గీసి, ఏ గడి నిండాలో ఏ గడి ఖాళీగా ఉండాలో చూసుకుంటూ మీటలు నొక్కేదాన్ని. పెళ్లికూతురి పేరు లక్ష్మి అని వింటే నాకు ఒళ్లు మండేది. ఆ 'క్ష్మి' ఒక్కటే ఒక పూట పని. కోనసీమలో ఆ రోజుల్లో ఎంతమంది లక్ష్ములున్నారో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

కొన్నాళ్లకు ఆ బావమరిదే ఇంకో చిన్న పెట్టె పంపించాడు. కెమెరా చూసే బొమ్మను చుక్కలుగా మార్చి కంప్యూటరులోకి లాగే పెట్టె అది. దానికి వెలుగూ చీకటీ తప్ప రంగు తెలియదు. అందుకని ఒక ఉపాయం. నలుపు తెలుపు కెమెరా ముందు ఎర్ర కాగితం పెట్టి ఒకసారి బొమ్మ తీయాలి. ఆకుపచ్చది పెట్టి రెండోసారి, నీలంది పెట్టి మూడోసారి. మూడూ అయ్యాక మీట నొక్కితే కంప్యూటరు మూడింటినీ కలిపి రంగుల బొమ్మ చేస్తుంది. ఆ కాగితాలు అవతలికి కనబడే రంగు గాజు కాగితాలే, అట్టముక్కల మధ్య అంటించుకున్నాం.

ఇప్పుడు మీరు ఫోను ఎత్తి రెప్పపాటులో తీసేదాన్ని మేం మూడుసార్లు చూసి తీసేవాళ్లం. ఒక్కో రంగూ తెర మీద ఒక పక్క నుంచి చాప పరిచినట్టు నెమ్మదిగా పరుచుకునేది. చెంప రావాలి, ముక్కు రావాలి, అవతలి చెంప రావాలి. ఆ కాస్సేపూ ఆ ముఖం తప్ప చూడటానికి ఇంకేమీ ఉండదు. ఒక మనిషిని అంతసేపు చూసే అదృష్టం మీకు లేదు. నిజం చెప్పాలంటే ఇప్పుడు నాకూ లేదు. ఆ కుర్చీ, ఆ చీకటి గది, ఆ నెమ్మది నాకు మళ్లీ కావాలని ఈ వయసులో చంటిపిల్లలా అనిపిస్తుంది.

ఈగ

మూడు రంగులూ అయ్యేదాకా ఎదురుగా కూర్చున్న మనిషి కదలకూడదు. కదిలారా, అంచుల్లో ఎర్రగానో పచ్చగానో ఇంకో మనిషి బయటికి వస్తాడు. కొత్త దంపతులు వచ్చేవారు. పెళ్లికొడుకు ఊరుకోలేక పెళ్లికూతురి చెవిలో ఏదో అనేవాడు. ఆ అమ్మాయికి బొమ్మలో మూడు పెదవులు వచ్చేవి. మళ్లీ మొదటికి.

కదలకుండా కూర్చోవడంలో ఐనవిల్లి సోమయాజులు గారిని మించినవారిని నేను చూడలేదు. వేదం చెప్పిన పెద్దాయన. శిష్యులెవరో షష్టిపూర్తి వీడియోలో ఆయన కంప్యూటరు బొమ్మ పెట్టించాలని బలవంతాన తీసుకొచ్చారు. కూర్చున్నారంటే కూర్చున్నారు. పక్కన నిలబడ్డ ఆయన భార్యకు భయం వేసి, "ఏవండీ, ఊపిరి తీసుకోండీ, దానికేం అభ్యంతరం లేదటండీ" అంది. ఆయన పెదవి కూడా కదపలేదు.

ఎరుపు చక్కగా వచ్చింది. ఆకుపచ్చ నడుస్తుండగా ఒక ఈగ వచ్చి ఆయన ముక్కు కొస మీద వాలింది. ఆయన తోలలేదు. నీలానికి ముందు అదే లేచిపోయింది. మూడు రంగులూ కలిపితే ముఖమంతా దివ్యంగా ఉంది, ముక్కు కొస మీద మాత్రం వంకాయ రంగు చుక్క.

నాకు ఏడుపు వచ్చినంత పనైంది. మాస్టారు, "చుక్కే కదండీ, రంగు దిద్దేస్తాం లెండి" అన్నారు. సోమయాజులు గారు కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూశారు.

"ఇదేవిటండీ?"

"ఈగండి. మధ్యలో వాలిందండి" అన్నాను.

"వాలిందా లేదా?"

"ఆయ్, వాలిందండి."

"మరి ఉండనివ్వండీ. వాలినదాన్ని వాల్లేదని ఎలా అంటాం?"

ఆ షష్టిపూర్తి వీడియోలో ఆయన ముక్కు మీద వంకాయ రంగు చుక్క అలాగే ఉంది. ఇప్పటి ఫోన్లు అడక్కుండానే ముఖం తెల్లగా చేసి, మచ్చలు తుడిచి, బుగ్గలు నునుపు చేసి చేతిలో పెడుతున్నాయి. అప్పుడూ అడిగేవారు, "కాస్త రంగు పెంచండమ్మా, అమ్మాయి చామనచాయ" అని. రంగు పెంచే మీట నా చేతి కిందే ఉండేది. మాస్టారు ఒప్పుకునేవారు కాదు. "ఆ పిల్ల రంగు ఆ పిల్లది. మనం పట్టుకోవడానికున్నాం, మార్చడానికి కాదు" అనేవారు. బేరాలు పోయినా సరే. ఆ విషయంలో ఆయన మొండితనాన్ని అప్పట్లో వెనకాల తిట్టుకున్నాను. ఇప్పుడు ఆయన చెప్పిందే నిజమని చెబుతాను.

మాస్టారు చెప్పింది

టేపులో ఉన్న బొమ్మను కంప్యూటరులోకి లాగే పని తర్వాత వచ్చింది. పెళ్లి వీడియోలో నచ్చిన చోట ఆపి, ఆ ఒక్క బొమ్మను ఫొటోగా అడిగేవారు. టేపు రంగును ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా విడదీసే పరికరం ఒకటి మాస్టారే ఎక్కడెక్కడో తిరిగి తెచ్చారు. టేపును ఆపి ఉంచి మూడు రంగులూ ఒకదాని తర్వాత ఒకటి లాగాలి. తర్వాత గది చీకటి చేసి, టీవీ తెర మీదున్న బొమ్మను మామూలు కెమెరాతో ఫొటో తీసి కడిగించాలి. ఆ ఫొటోలో ముఖం గళ్ల గుడ్డ మీద గీసినట్టుండేది. అయినా కళ్లకద్దుకునేవారు.

టేపును ఆపడమంటే అది కదలకుండా ఉండటమే గాని, లోపల దాన్ని చదివే చక్రం ఆగదు. టేపు మీద ఒకే చోట ఒరుసుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. ఎక్కువసేపు ఆపితే అక్కడున్న బొమ్మ అరిగిపోతుంది. మా ఊళ్లలో చెమ్మ పట్టిన టేపులైతే మరీ తొందరగా పోతాయి. అందుకే మాస్టారు నా నెత్తిన కొట్టినట్టు చెప్పేవారు, "అమ్మా సుగుణా, ముందు ఇంకో టేపులోకి కాపీ తియ్యి. పనంతా కాపీ మీద చెయ్యి. వాళ్ల టేపు జోలికి వెళ్లకు."

నిష్ఠూరమైనా ఒక మాట చెబుతాను. పెళ్లి తీసిన అసలు టేపు షాపులో దాచేవాళ్లం కాదు. ఇంటివాళ్లకు కాపీ ఇచ్చాక, దాని మీదే ఇంకో పెళ్లి తీసేవాళ్లం. అన్ని షాపులూ అంతే. కోనసీమలో ఎందరి నవ్వుల మీద ఎందరి నవ్వులు ఎక్కించామో తలచుకుంటే ఇప్పుడు మనసు చివుక్కుమంటుంది.

నాగవేణి తెచ్చిన టేపు

ఒకరోజు పొద్దున్నే అంతర్వేది నుంచి నాగవేణి అనే ఆవిడ వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. ఏడో నెల కడుపు. చీర చెంగులో చుట్టుకున్న టేపు బల్ల మీద పెట్టింది. ఆవిడ మరిది పెళ్లి టేపు అది, మా షాపు తీసిందే. ఆవిడ భర్త చేపల వేటకు వెళ్లిన బోటు తుఫానులో తిరిగి రాలేదు. అప్పటికి నాలుగు నెలలు.

"ఆయనకి ఫొటో లేదండీ. పెళ్లప్పుడు తీయించుకున్నది వానల్లో తడిసి అంటుకుపోయిందండి. ఇందులో ఒక్క చోట కనబడతారండి. పంతిలో పప్పు వడ్డిస్తా నవ్వుతారండి. ఆ నవ్వు ఫొటో తీసిస్తారేమోనని వచ్చేనండి" అంది. కడుపు మీద చెయ్యి వేసుకుని, "దీనికి చూపించాలి కదండీ" అంది.

ఆ రోజు మాస్టారు లేరు, కంటి వైద్యానికి కాకినాడ వెళ్లారు. కాపీ తీయాలంటే రెండు టేపు మిషన్లు కావాలి. రెండోది అద్దెకు వెళ్లింది, మర్నాడు వస్తుంది. నాగవేణి ఆ టేపును సాయంత్రానికి అత్తవారింట్లో తిరిగి ఇచ్చేయాలి. ఇవన్నీ నిజాలే. వీటి చాటున ఉన్న అసలు నిజం వేరు. రేపు రమ్మంటే ఆవిడ ఎలాగో ఒప్పించుకుని వచ్చేది. నాకే ఆగాలని లేదు. మాస్టారు లేకుండా ఒక కష్టమైన పని నా చేతుల మీదుగా చేసి, ఆయన వచ్చేసరికి ఫొటో చూపించి శభాష్ అనిపించుకోవాలని ఉంది. పని బాగా వచ్చిందనుకున్న రోజుల్లోనే ఇలాంటి బుద్ధి పుడుతుంది. మీకూ పుడుతుంది, జాగ్రత్త.

టేపు పెట్టాను. పందిరి కింద విస్తళ్లు, వరసగా జనం. పప్పు బకెట్టు పట్టుకుని నల్లటి కుర్రాడు ఒకడు వంగి వడ్డిస్తున్నాడు. కెమెరా తన మీదికి తిరిగిందని చూసి, సిగ్గుపడి బకెట్టు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పప్పు చొక్కా మీద ఒలికింది. బకెట్టు దించి తల పక్కకు తిప్పి నవ్వాడు. అంతే, మూడు క్షణాలు. తర్వాత కెమెరా పెళ్లికొడుకు తండ్రి మీదికి వెళ్లిపోయింది.

"ఆయనేనండీ" అంది నాగవేణి.

బల్ల మీద రెండు టీవీలుండేవి. ఒకదాంట్లో టేపు, ఇంకోదాంట్లో కంప్యూటరు. నవ్వు దగ్గర ఆపాను. ఎరుపు లాగాను, ఆకుపచ్చ లాగాను, కరెంటు పోయింది. రెండు రంగులూ పోయాయి. కరెంటు వచ్చాక మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మూడూ వచ్చాయి గాని, నేను ఆపిన చోట కళ్లు సగం మూసుకుని ఉన్నాయి.

"నవ్వు పూర్తిగా రాలేదేమోనండీ. ఇంకొంచెం ముందుకి ఆపుతారాండీ?" అంది నాగవేణి.

ఆపాను. ఈసారి మధ్యలో టేపు ఒక పిసరు జారింది. ఎర్ర ముఖం నవ్వుతోంది, నీలం ముఖం పక్కకు తిరిగింది. మళ్లీ. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని, టేపు టీవీకి జానెడు దూరంలో కూర్చుంది. "ఇంకోసారండీ" అంటూనే ఉంది. నాకూ పంతం పట్టింది. నా కళ్లు కంప్యూటరు టీవీ మీదే ఉన్నాయి. ఎన్నిసార్లు ఆపానో నాకు గుర్తు లేదు. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది, ఇద్దరికీ ఆకలి గుర్తు రాలేదు.

చివరికి వచ్చింది. గళ్లు గళ్లుగానే గాని, నవ్వు వచ్చింది. చొక్కా మీద పప్పు మరక కూడా పచ్చగా వచ్చింది. నాగవేణి తెర మీద చెయ్యి పెట్టింది. ఏడవలేదు, చూస్తూ ఉండిపోయింది.

గోధుమరంగు పొడి

వెళ్లబోయే ముందు ఆవిడ, "ఒక్కసారి ఆ టేపు మామూలుగా వేస్తారాండీ? నవ్వేది చూసి పోతాను" అంది.

వేశాను. పందిరి వచ్చింది, విస్తళ్లు వచ్చాయి. బకెట్టు పట్టుకున్న మనిషి వచ్చాడు. అతను ముఖం మీద బకెట్టు పెట్టుకోబోతుండగా తెర నిండా తెల్లటి గీతలు పడ్డాయి. టీవీ బుసబుసలాడింది. గీతలు పోయేసరికి పెళ్లికొడుకు తండ్రి నిలబడి ఉన్నాడు.

మిషనులో మురికి పట్టిందేమోనని ఆశతో మూత తీసి, తెల్లగుడ్డకు స్పిరిటు అద్ది చక్రం తుడిచాను. గుడ్డకు గోధుమరంగు పొడి అంటింది, టేపు మీద బొమ్మను పట్టి ఉంచే పూత అదే. మళ్లీ వేశాను. మిగతా పెళ్లంతా శుభ్రంగా ఉంది, ఆ మూడు క్షణాలు లేవు. అతని నవ్వు ఆ గుడ్డ మీద ఉందని నాకు అర్థమైంది.

నాగవేణి నా వైపు చూసింది. నేను ఆ గుడ్డ మడిచి బల్ల కింద పెట్టాను. "ఉప్పుగాలండీ. మీ ఊళ్లో ఉప్పుగాలికి టేపులు ఇలాగే తినేస్తాయండీ. ఎలాగూ పోయేదే" అన్నాను. ఉప్పుగాలికి టేపులు పాడవడం నిజమే. నిజంలో ముంచి తీసిన అబద్ధం చాలా తేలిగ్గా నోట్లోంచి వస్తుంది.

"ఆయ్" అంది ఆవిడ. టేపు చెంగులో చుట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది. వారం తర్వాత ఆవిడ తమ్ముడు వచ్చి ఫొటో తీసుకెళ్లాడు.

మాస్టారు వచ్చాక ఫొటో చూపించాను. "బాగా చేశావమ్మా" అన్నారు. తర్వాత, "కాపీ దేని మీద తీశావు?" అన్నారు. జరిగింది చెప్పాను. ఆయన కేక వేస్తారనుకున్నాను, వేయలేదు. కంటి డాక్టరు ఇచ్చిన పచ్చ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"ఆవిడకి ఏం చెప్పేవు?"

"ఉప్పుగాలికి పోయిందని చెప్పేనండి."

అప్పుడు మాస్టారు, "టేపు పాడవడం మన పనిలో ఉన్నదేనమ్మా. నా చేతుల్లోనూ పోయినియ్. ఎవరి వల్ల పోయిందో వాళ్లకి చెప్పడం కూడా మన పనే. ఆ సగం నువ్వు చెయ్యలేదు. అంతర్వేది వెళ్లి చెప్పి రా" అన్నారు. మీకు చెప్పాలనుకున్న ఆ ఒక్క మాట, ఈ రెండో సగమే.

మలికిపురం దాకా

వెళ్లాను. ఒక శనివారం పొద్దున్న బస్సెక్కి రాజోలు దాటి, మలికిపురంలో దిగి టీ తాగాను. అంతర్వేది బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. కండక్టరు, "ఎక్కుతారాండీ?" అన్నాడు. ఎక్కలేదు. నెలలు నిండుతున్న మనిషికి ఇప్పుడు చెప్పి ఏం ఉద్ధరిస్తానని నాకు నేనే సర్ది చెప్పుకుని వెనక్కి వచ్చేశాను.

మాస్టారు కొన్నాళ్లు అడిగారు, "వెళ్లేవా?" అని. వెళ్తానండి అనేదాన్ని. బిడ్డ పుట్టాక అనుకున్నాను, బిడ్డ పెద్దదయ్యాక అనుకున్నాను. తర్వాత ఆయన అడగడం మానేశారు. అడిగినప్పటికంటే మానేశాకే నాకు కష్టంగా ఉండేది. ఆయన పోయిన రోజు చర్చి బయటే నిలబడిపోయాను, లోపలికి వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఆ తర్వాత యంత్రాలు మారిపోయాయి. కాపీ తీయడం చిటికెలో పనైంది. ఒకటి కాదు, నాలుగు చోట్ల దాచే రోజులు వచ్చాయి. నా చేతుల్లో ఇంకెవరి బొమ్మా పోలేదు. ఆ పాత ఆటల పెట్టె మాత్రం చెమ్మకు పాడైపోయింది, దాని ఫ్లాపీలకు బూజు పట్టింది. వాటితోపాటు కంప్యూటరులో ఉన్న ఆ నవ్వు కూడా పోయింది. నాగవేణి దగ్గరున్న కాగితం ఫొటో ఒక్కటే మిగిలి ఉండాలి.

ఆ మనిషి నాకు ఏమీ కాడు. ఎప్పుడూ చూడలేదు, పేరు కూడా అడగలేదు. అయినా ఆ బకెట్టు దించి తల తిప్పడం నేను అన్నేళ్లూ మళ్లీ మళ్లీ చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ టేపు మళ్లీ చేతికొస్తే ముందు కాపీ తీస్తాను కదా అని వంటింట్లో నిలబడి అనుకున్న రోజులు చాలా ఉన్నాయి.

ఫోను నవ్వించిన మనిషి

మొన్న ఎండాకాలంలో మా ఇంటికి ఒకావిడ వచ్చింది. రాజోలులో స్కూలు టీచరట, పేరు దుర్గ. సంచిలోంచి ఒక ఫొటో తీసి వెనక్కి తిప్పింది. మా షాపు ముద్ర ఉంది. షాపువాళ్లు నా ఇల్లు చెప్పి పంపారట. ముందుకు తిప్పక ముందే నాకు తెలిసిపోయింది. ఈ పిల్లే ఆ ఏడో నెల కడుపు.

"ఫొటోని కదిలించే యాప్‌లొచ్చేయి కదండీ. మా నాన్నగారి చేత నవ్వించేను. అమ్మకి చూపిస్తే, నవ్వు ఇది కాదంది. ఏడ్చిందండి. ఎలా నవ్వేవారమ్మా అంటే, నాకూ సరిగ్గా గుర్తు రావట్లేదే అంటుందండి. ఫొటో తీసిన షాపు ఆవిడ ఆ రోజంతా ఆ నవ్వే చూసింది, ఆవిడనడుగు అంది" అని చెప్పింది దుర్గ. ఫోను నా ముందు పెట్టింది. తెర మీద అతను కళ్లార్పి, పళ్లు కనబడేలా నవ్వాడు. మర్యాదగా, సబ్బు ప్రకటనలో మనిషిలా. అది అతని నవ్వు కాదు.

ఈసారి మలికిపురంలో దిగలేదు. దుర్గతో కలిసి తిన్నగా అంతర్వేది వెళ్లాను. నాగవేణి జుట్టు నెరిసింది. నన్ను చూసి గబగబా కుర్చీ తుడిచి వేసింది. "వచ్చేరా అండీ! కూర్చోండమ్మా" అంది.

కొంచెంసేపయ్యాక తనే అడిగింది. "ఎలా నవ్వేవారో చెబుతారాండీ?"

చెప్పాను. ముందు బకెట్టు అడ్డం పెట్టుకున్నారని, పప్పు ఒలికిందని, దించాక తల ఎడమకు తిప్పారని. నోరు నవ్వకముందే కళ్లు నవ్వాయని, పళ్లు కనబడలేదని, కింది పెదవి లోపలికి బిగించుకున్నారని. చెబుతూ చెబుతూ నేను కూడా తల అలాగే తిప్పాను. దుర్గ నా ముఖంలో వాళ్ల నాన్నను వెతుక్కుంటున్నట్టు చూసింది. "ఆయ్, అదేనండీ, పెదవి బిగించేవారు, అదే" అని నాగవేణి కూతురి చెయ్యి పట్టుకుంది.

ఇక నా వల్ల కాలేదు. "నాగవేణి గారూ, ఆ టేపు ఉప్పుగాలికి పోలేదండీ. ఆ రోజు నేను మీతో అబద్ధం చెప్పేను" అన్నాను.

"ఆయ్, నాకు తెలుసండీ" అంది ఆవిడ.

తల ఎత్తి ఆవిడ వైపు చూశాను.

"మీరు ఆ టీవీకేసి చూస్తన్నారు, నేను ఈ టీవీకేసి చూస్తన్నాను కదండీ. ఆపినప్పుడల్లా ఆయన మొహం మీద ఇంకో గీత పడతా ఉంది. చెబుదామనుకున్నానండి. చెబితే మీరు కట్టేస్తారు, ఆయన వెళ్లిపోతారు. ఆపి ఉన్నంతసేపూ ఎదురుగా ఉన్నారు కదండీ. అందుకని నవ్వు సరిగ్గా రాలేదు, ఇంకోసారి, ఇంకోసారి అంటా నేనే ఆపించేనండి. నా ఆశే ఆయన నవ్వుని తినేసింది. మీకు తెలిసి కూడా, కడుపుతో ఉన్నదాన్ని ఎందుకు అనాలని, ఉప్పుగాలి అని చెప్పి నన్ను కాపాడేరు. ఈ పిల్లకి ఎప్పుడూ చెప్పలేదండి, మీ నాన్న నవ్వు నేనే పోగొట్టేనని. మిమ్మల్ని మాత్రం తలుచుకుని దణ్ణం పెట్టుకున్నానండి."

దుర్గ "అమ్మా!" అంది.

నేను కుర్చీలోంచి లేచి ఆవిడ పక్కన చాప మీద కూర్చున్నాను. ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాను. కాపీ తీసి పనిచేయాలని నాకు తెలుసని, మాస్టారు వందసార్లు చెప్పారని. మర్నాటి దాకా ఆగి ఉంటే రెండో మిషను వచ్చేదని. కాపీ మీదైతే మీరు రోజంతా ఆపమన్నా మీ టేపులో ఆయన నవ్వుకు ఏమీ అయ్యేది కాదని. పని తెలిసినదాన్ని నేనని, ఆ రోజు తప్పు చేసిందీ నేనేనని, మీకు చెప్పి రమ్మని మాస్టారు పంపిస్తే మలికిపురం నుంచి వెనక్కి వెళ్లిపోయానని.

నాగవేణి అంతా వింది. నా మీద కోపం వస్తుందని, రావాలని ఎదురు చూశాను. ఆవిడ కూతురి వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, చాలా మెల్లగా అడిగింది.

"అయితే... నేను కాదాండీ?"

"కాదండీ" అన్నాను.

మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను.